ఐదో వాటా

"చేతులు వణికే రోగులు కూర్చునే గదిలో క్యారమ్స్ బోర్డు ఎందుకండీ?"

ఆరా మేడం ఆ ప్రశ్న వేయగానే ఇన్‌స్పెక్టర్ పగలబడి నవ్వాడు.

"అబ్బ, కేసు తేల్చేశారు మేడం! బోర్డుని అరెస్టు చేసేద్దామా? బేడీలు నాలుగు మూలలకీ వేయమంటారా?"

వెనకాల నిలబడ్డ కానిస్టేబుల్ నవ్వబోయి, ఆవిడ ముఖం చూసి ఆ నవ్వును దగ్గు కింద మార్చేశాడు.

ఆవిడ అసలు పేరు చాలామందికి తెలియదు. బీమా కంపెనీలో దొంగ క్లెయిముల మీద ఆరా తీసీ తీసీ జుట్టు సగం నెరిసింది. ఆ ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు తగిలించుకున్నా, 'ఆరా మేడం' అన్న పిలుపు మాత్రం ఆవిణ్ణి వదల్లేదు.

ఈ కేసు ఆవిడ దగ్గరికి తెచ్చింది హెడ్మాస్టరుగారి భార్య. రిటైరైన హెడ్మాస్టరుకి చేతులు వణికే జబ్బు. కొత్త మందు పరీక్షలో చేరాడు. మొన్న పొద్దున మంచం మీంచి లేచి రెండడుగులు వేసి కుప్పకూలిపోయాడు. నాడి అందలేదు. ఇప్పుడు ఇదే ఆసుపత్రిలో, పై అంతస్తులో, యంత్రాల మధ్య కళ్ళు మూసుకుని పడున్నాడు.

చిక్కు అక్కడ కాదు. ఆ పరీక్షలో సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్తుత్తి మందు ఇస్తారు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఎవరికి ఏది వెళుతోందో రోగికి తెలియదు, ఇచ్చే నర్సుకి తెలియదు, చూసే డాక్టరుకి తెలియదు. ఆ గుట్టంతా కంప్యూటర్లో ఉంటుంది. ఎవరి ప్రాణం మీదికైనా వస్తేనే విప్పుతారు. హెడ్మాస్టరు కోసం విప్పారు. ఆయన సీసాలో ఉన్నది ఉత్తుత్తి మందు.

కానీ ఆయన రక్తంలో అసలు మందు దొరికింది.

"నా లెక్క సింపుల్ మేడం," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "సీసా పేషెంటు చేతికిచ్చేది ఒక్క నర్సే. అంటే మార్చిందీ నర్సే. ఎందుకు మార్చిందో స్టేషన్లో తీరిగ్గా చెబుతుంది. మధ్యాహ్నం భోజనాల వేళకి తీసుకెళుతున్నా. ఈలోగా మీరు క్యారమ్స్ ఆడుకోండి."

"ఒక్కదాన్నే ఆడలేను. ముందు ఆ అమ్మాయితో మాట్లాడతాను."

"మాట్లాడండి. ఏడుపు తప్ప ఏమీ రాదు."

---

నర్సు ఏడవడం లేదు. మందుల గదిలో స్టూలు మీద నిటారుగా కూర్చుని, గాజు తలుపు అవతల కాపలా ఉన్న మహిళా కానిస్టేబుల్ని చూస్తోంది. ముప్పై ఏళ్ళుంటాయేమో. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"హెడ్మాస్టరుగారి భార్య పంపించారు నన్ను," అంది ఆరా మేడం, ఇంకో స్టూలు లాక్కుని. "ఆ పిల్ల మా ఆయనకి గోళ్ళు కూడా కత్తిరించేది, తను చంపాలనుకుందంటే నేను నమ్మనని చెప్పారు."

అప్పుడు ఏడ్చింది నర్సు. ఆరా మేడం చేతిరుమాలు ఇచ్చి, ఆగింది.

"సీసాలు మీ దగ్గరికి ఎలా వస్తాయి?"

"సీలు వేసి వస్తాయి మేడం. మీద నంబరు తప్ప ఏమీ ఉండదు. నా చేత్తో సీలు తీయను. పేషెంటే నా ముందు తీసి చూసుకుని పట్టుకెళతారు."

"చేతులు వణికే వాళ్ళు సీలు తీయగలరా?"

నర్సు కన్నీళ్ళలోనే చిన్నగా నవ్వింది. "ఒక్కొక్కరికి పది నిమిషాలు పట్టేది. తీసిస్తానంటే ఒప్పుకునేవాళ్ళు కాదు. 'మా పని మమ్మల్ని చేసుకోనీ తల్లీ' అనేవారు. ఇప్పుడు మంగళవారం వాళ్ళు నలుగురూ టక్కున తీస్తున్నారు."

"నలుగురూనా?"

"అవును మేడం. హెడ్మాస్టరుగారు, టైలరుగారు, బస్సు డ్రైవరుగారు, సంగీతం టీచరుగారు. మంగళవారం వచ్చేది వాళ్ళే. నలుగురికీ ఎంతో కొంత నయమైంది. డాక్టరుగారు కూడా ఆశ్చర్యపోయారు, నలుగురికీ అసలు మందే పడిందేమోనని."

ఆరా మేడం తల పక్కకి వంచింది. బీమా కంపెనీ రోజుల నుంచీ ఉన్న అలవాటది. లెక్క మరీ బాగా కుదిరినప్పుడల్లా ఆవిడ మెడ దానంతటదే వంగుతుంది.

"మిగిలిన మందు వెనక్కి తీసుకుంటారా?"

"తీసుకుంటాం. ప్రతివాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు వేసుకోవడం మరిచిపోతారు కదా. మిగతా బ్యాచుల వాళ్ళందరి సీసాల్లోనూ కొన్ని మిగులుతాయి. మంగళవారం వాళ్ళు మాత్రం ఒక్క క్యాప్సూల్ కూడా మిగల్చరు. అంత శ్రద్ధ."

"ఒక్కటి కూడానా. పెద్దవయసు వాళ్ళు, నలుగురికి నలుగురూ. ఇంకొక్కటి చెప్పమ్మా. అసలు మందు పడితే మనిషి కూలిపోవాలా? నయం కావాలి కదా?"

"మోతాదు మేడం. కొత్తగా చేరిన వాళ్ళకి చాలా చిన్న మోతాదుతో మొదలుపెట్టి నెలనెలా పెంచుతాం. ఒంటికి అలవాటు కాకుండా పెద్దది పడితే గుండె కొట్టుకోవడం నెమ్మదిస్తుంది. అందుకే కిడ్నీలు బాగోలేని వాళ్ళని అసలు చేర్చుకోం. వాళ్ళ ఒంట్లోంచి మందు బయటికి పోదు, పేరుకుపోతుంది."

"పెద్ద మోతాదు క్యాప్సూల్ చూస్తే తెలుస్తుందా?"

"తెలీదు. అన్నీ పసుపూ తెలుపే. తెలిస్తే పరీక్షే చెడిపోతుంది."

ఆరా మేడం లేచింది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"ఆ గదిలో క్యారమ్స్ బోర్డు ఎవరు తెచ్చారు?"

"హెడ్మాస్టరుగారే. చేతులకి వ్యాయామం అన్నారు. నాకు చాలా ముచ్చటేసింది."

---

రోగుల గదిలో ఇన్‌స్పెక్టర్ లేడు, ఫోన్లో ఎవరితోనో వరండాలో అరుస్తున్నాడు. ఆరా మేడం బోర్డు మీదికి వంగింది.

కొత్త బోర్డు. అంచులు ఎత్తుగా ఉన్నాయి. పౌడరు జాడ లేదు. కింద అరలో కాయిన్లున్న ప్లాస్టిక్ సంచికి కుట్టిన పిన్ను ఇంకా అలాగే ఉంది. స్ట్రైకరు లేదు.

ఈ బోర్డు మీద ఎవరూ ఒక్క ఆట ఆడలేదు.

బోర్డు చుట్టూ కుర్చీలు. ప్రతి కుర్చీ మీదా గుడ్డపీలికలు కలిపి కుట్టిన మెత్త, మెత్త మధ్యలో ఒక బొత్తాం. బొత్తాం కింద ఆకుపచ్చ దారం గట్టిగా చుట్టి, మెడలా నిలబెట్టారు. టైలరు చేతి పనే. చేతులు కుదురుకున్నాక స్నేహితులకి కుట్టిచ్చినట్టున్నాడు. ఆవిడ మెత్తల్ని లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

అయిదు.

రోగులు నలుగురు. నర్సు ఈ గదిలో కూర్చోదు.

ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని బోర్డు మూలల్లోని వలజేబుల్లో ఒక్కొక్కదాన్లోనూ వేలు పెట్టింది. మూడు ఖాళీ. నాలుగోదాని ముడిలో ఏదో నున్నగా తగిలింది. జాగ్రత్తగా పైకి లాగింది. పసుపూ తెలుపూ క్యాప్సూల్.

"దొరికిందా!"

ఇన్‌స్పెక్టర్ ఎప్పుడొచ్చాడో, ఆవిడ భుజం మీదుగా చూస్తున్నాడు. ఆవిడ ఏమీ అనేలోగా తన చేతిరుమాలుతో క్యాప్సూల్ అందుకున్నాడు.

"భలే మేడం! నా పని మీరే చేసిపెట్టారు. నర్సు ఈ గదిలోనే మందు మార్చిందన్నమాట. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?"

"నర్సు మార్చాలంటే తన గదిలో తలుపేసుకుని మార్చుకుంటుంది. నలుగురూ కూర్చునే చోటికొచ్చి క్యారమ్స్ బోర్డులో ఎందుకు పడేస్తుంది?"

"దొంగలకి బుద్ధి ఉంటే మాకు ఉద్యోగాలెందుకు?"

"మీకు ఆ అమ్మాయి మీద కోపం దేనికండీ?"

ఇన్‌స్పెక్టర్ ముఖంలోంచి వేళాకోళం పోయింది.

"మా అమ్మకీ ఇదే జబ్బు మేడం," అన్నాడు గొంతు తగ్గించి. "మంచినీళ్ళ గ్లాసు నోటిదాకా వెళ్ళేసరికి చీరంతా తడిసిపోయేది. నేను తాగిస్తానంటే సిగ్గుపడి దాహమే లేదనేది. ఈ పరీక్ష గురించి విని తీసుకొచ్చాను. ఈ నర్సే కాగితాలు చూసి, 'కిడ్నీలు బలహీనంగా ఉన్నాయి, కుదరదండీ' అని గుమ్మంలోంచే తిప్పి పంపించింది. చేతులెత్తి దణ్ణం పెట్టింది మా అమ్మ. వణికే చేతుల్తో. ఆ దణ్ణం నేను మరిచిపోలేను."

ఆరా మేడం మోకాళ్ళ మీంచి లేచింది.

"ఇప్పుడెలా ఉన్నారు అమ్మగారు?"

"దేవుడి దయ. వీళ్ళ మందు లేకపోతేనేం? ఇదే ఆసుపత్రి కింద అంతస్తులో వ్యాయామాల క్లాసుంటే వారం వారం వెళుతోంది. ఇప్పుడు సూదిలో దారం తనే ఎక్కిస్తోంది. ఇదిగో," అని యూనిఫాం జేబు మీది బొత్తాం చూపించాడు గర్వంగా. "ఊడిపోతే తనే కుట్టింది. దారం రంగు కలవలేదని మావాళ్ళు నవ్వుతారు. నవ్వనీ."

ఆరా మేడం ఆ బొత్తాం వంక చూసింది. సరిగ్గా అప్పుడే, ఆవిడ పిలిపించిన టైలరుని కానిస్టేబుల్ లోపలికి తీసుకొచ్చాడు. మనసులో ఎక్కడో ఏదో గుచ్చుకుంది కానీ, అదేమిటో తేల్చుకునే తీరిక ఆవిడకి దొరకలేదు.

---

టైలరు బక్కపలచటి మనిషి. తెల్ల చొక్కా ఇస్త్రీ మడతలతో నిగనిగలాడుతోంది. కూర్చోమంటే తన మెత్త ఉన్న కుర్చీ వెతుక్కుని మరీ కూర్చున్నాడు.

"హెడ్మాస్టరుగారు ఎలా ఉన్నారమ్మా?" అన్నాడు ముందుగా.

"ఇంకా కళ్ళు తెరవలేదు."

ఆయన గడ్డం గుండెలకి ఆనింది.

"ఈయనకేం తెలుసని పిలిపించారు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నిన్ననే అడిగేశాను. నర్సు ఇచ్చింది వేసుకున్నాం అన్నాడు, అంతే."

"నేనూ ఒకసారి అడగనివ్వండి. బాబాయిగారూ, మీ నలుగురిలో ఎవరు ముందు చేరారు?"

"నేనేనమ్మా. తర్వాత డ్రైవరు, తర్వాత మా అక్కయ్యగారు. అదే, సంగీతం టీచరుగారు. హెడ్మాస్టరుగారు అందరికన్నా వెనక."

"అయితే మీ మోతాదు పెద్దది, ఆయనది చిన్నది అయి ఉండాలి."

"మోతాదుల సంగతి నాకేం తెలుసమ్మా. ఆయన వాటా ఆయన వేసుకునేవాడు, నా వాటా..."

మాట సగంలో తెగిపోయింది. టైలరు నాలుక కరుచుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకుంటున్నాడు. ఆ మాట ఆయన చెవిన పడనే లేదు. ఆరా మేడం మాత్రం కుర్చీని నెమ్మదిగా టైలరుకి దగ్గరగా జరుపుకుంది.

"బాబాయిగారూ, మందుని మోతాదు అంటారు. డోసు అంటారు. పొలాన్నీ ఇంటినీ పంచుకుంటే వాటా అంటారు. మీ మందుకి వాటా ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"నోరు జారిందమ్మా."

"ఎత్తయిన అంచులున్న బోర్డు. పోసిన క్యాప్సూల్స్ చెయ్యి వణికినా దొర్లి కింద పడవు. నాలుగు మూలలా నాలుగు జేబులు. మీరు నలుగురూ సీసాలు తీసుకున్నాక ఈ గదిలోకి వచ్చి, అన్నీ ఈ బోర్డు మీద కలిపి పోసి, పంచుకునేవాళ్ళు. అంతేనా?"

"ఏంటీ?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

టైలరు రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ వేళ్ళ మధ్యలోంచి మాట వచ్చింది.

"మోసం చేయాలని కాదమ్మా. మొదట్లో ఇక్కడ కూర్చుని ఒకళ్ళ చేతులు ఒకళ్ళు చూసుకునేవాళ్ళం. నా చెయ్యి కుదురుకుంటోంది. పక్కన డ్రైవరు టీ కప్పు పట్టుకోలేక కిటికీ వైపు తిరిగి కూర్చునేవాడు, మేము చూడకూడదని. అక్కయ్యగారైతే, 'మీకు అసలుది పడింది తమ్ముడూ, నాకు ఉత్తుత్తిది' అని నవ్వుతూనే కళ్ళు తుడుచుకునేది. నాకు ముద్ద దిగేది కాదమ్మా ఇంటికెళ్ళాక. అప్పుడే హెడ్మాస్టరుగారు చేరారు. ఆయన లెక్కల మాస్టారు. 'ఒకడికి పూర్తిగా, ఒకడికి సున్నా ఏమిటయ్యా? అందరివీ కలిపేద్దాం, అందరికీ ఎంతో కొంత వస్తుంది' అన్నారు. ఎంత బాగుందో ఆ లెక్క!"

"అందులో మీ పెద్ద మోతాదు ఆయన ఒంటికి పడుతుందని ఎవరికీ తట్టలేదు."

"అన్నీ ఒకే రంగు కదమ్మా! పెద్దా చిన్నా ఉంటాయని మాకేం తెలుసు?" టైలరు ఆవిడ వైపు వంగాడు. "నా సీసాలోదేనా ఆయన్ని పడేసింది? నిజం చెప్పండి, నాదేనా?"

ఆరా మేడం ఆయన మోచేతి మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

ఇన్‌స్పెక్టర్ కాసేపు అటూ ఇటూ తిరిగి ఆగాడు. "అంటే నర్సుకి తెలీదంటావా?"

"ఆ తల్లికి ఏమీ తెలీదు సార్. తెలిస్తే ఎక్కడ ఆపేస్తుందోనని సీసాలు ఖాళీ చేసి అప్పజెప్పేవాళ్ళం. ఆవిణ్ణి పట్టుకెళతారని పొద్దున తెలిసింది. అప్పట్నుంచీ చెప్పేద్దామనే నోరు తెరుస్తున్నాను. కానీ ఇంకొకళ్ళకి మాటిచ్చాం."

"ఇంకొకళ్ళకా?" ఆరా మేడం మెడ పక్కకి వంగింది. "ఐదో మెత్త ఎవరిది బాబాయిగారూ?"

టైలరు తన మెత్త అంచు సవరించుకున్నాడు.

"మీరు నలుగురు. వాటాలు అయిదు. ఐదోది ఎవరికి?"

"చెప్పనమ్మా. ఒట్టేశాం. ఇక్కడికొచ్చి కాదనిపించుకుని, ఆ వరండాలో కూలబడి ఏడుస్తుంటే అక్కయ్యగారు లోపలికి తీసుకొచ్చింది. మా అందరికీ వదినగారైపోయింది. ఆవిడ కోసం మేము అయిదు రోజులకోసారి మందు పస్తుండేవాళ్ళం. తలా కాస్తా తగ్గించుకుంటే ఐదో వాటా వచ్చేది. పస్తున్న రోజు చేతులు మళ్ళీ వణికేవి. అయినా ఎవరమూ బాధపడలేదు."

"ఆవిడకి జబ్బు ఒకటే కాదు కదా? ఎందుకు కాదన్నారు ఆవిణ్ణి?"

"అదేదో ఉందని అన్నారు. మేము పట్టించుకోలేదు. వాళ్ళబ్బాయికి తెలిస్తే మాత్రం ఊరుకోడని భయపడేది. చాలా నిక్కచ్చి మనిషట. మూడు నెలల నుంచీ ఇంట్లో వ్యాయామాల క్లాసని చెప్పి వస్తోంది. నేనే కుట్టుపని నేర్పాను. ఈ మెత్తల బొత్తాలన్నీ ఆవిడ కుట్టినవే."

గుచ్చుకున్నది ఏమిటో ఆరా మేడానికి అప్పుడు తెలిసింది.

ఆవిడ లేచి ఇన్‌స్పెక్టర్ ఎదుటికి వెళ్ళింది. ఆయన జేబు మీది బొత్తాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని పక్కకి వంచింది. కింద ఆకుపచ్చ దారం. గట్టిగా చుట్టి, మెడలా నిలబెట్టిన దారం.

ఇన్‌స్పెక్టర్ ఆ బొత్తాన్ని చూశాడు. కుర్చీ మీది మెత్తని చూశాడు. మళ్ళీ బొత్తాన్ని చూశాడు.

"కింద అంతస్తులో వ్యాయామాల క్లాసు ఏ గదిలోనో ఎప్పుడైనా చూశారా?" అంది ఆవిడ మెల్లగా.

"లేదు." ఆయన బొత్తాం మీద చెయ్యి వేసుకున్నాడు. "గేటు దగ్గర దింపేసి వెళ్ళిపోతాను."

టైలరు లేచి నిలబడ్డాడు. "సార్! మీరు... మీరు వదినగారి..."

"మిగిలిన క్యాప్సూల్స్ ఎక్కడున్నాయి?" ఆరా మేడం ఆయన వైపు గిర్రున తిరిగింది. "హెడ్మాస్టరుగారి వాటా ఎక్కడుంది? మీవెక్కడున్నాయి?"

"నిన్న పోలీసులు వచ్చారని అందరం భయపడిపోయాం. పారేయడానికి మనసొప్పలేదు. హెడ్మాస్టరుగారి ఇంటావిడ కూడా ఆయన సంచి ఇచ్చేసింది, అందులో ఏముందో ఆవిడకి తెలీదు. అన్నీ వదినగారే తీసుకెళ్ళింది. 'మా ఇంట్లో దాస్తాను, మావాడి ఇంటిని సోదా చేసే మగాడెవడు?' అంది."

ఇన్‌స్పెక్టర్ అప్పటికే ఫోను తీశాడు. నంబరు నొక్కబోయి తప్పు నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. ఆరా మేడం ఫోను అందుకుని స్పీకరు పెట్టింది. ఆ మాటలు చెవిన పడి, గాజు తలుపు తోసుకుని పక్కనే ఉన్న మందుల గదిలోంచి నర్సు కూడా పరుగున వచ్చింది, వెనకాల కానిస్టేబుల్ కేకలు వేస్తున్నా ఆగలేదు.

అవతల చాలాసేపు మోగింది. ఆ తర్వాత పలికింది.

"ఏరా నాన్నా. భోజనానికి వస్తున్నావా?" గొంతు నిద్రలోంచి వచ్చినట్టు బరువుగా, నెమ్మదిగా ఉంది.

"అమ్మా, నీ దగ్గర క్యాప్సూల్స్ ఉన్నాయా? పసుపూ తెలుపూ? తిట్టను. నిజం చెప్పు."

"తెలిసిపోయిందా? వాళ్ళనేమీ అనకురా. బంగారంలాంటి మనుషులు."

"వేసుకున్నావా ఇవాళ?"

"పరీక్ష ఆపేస్తారట కదరా. ఇంక దొరకవు. రాత్రి నుంచీ చెయ్యి మళ్ళీ వణుకుతోంది. నీకు ఇవాళైనా నా చేత్తో వడ్డిద్దామని..."

నర్సు ఇన్‌స్పెక్టర్ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఎన్ని వేసుకున్నారో అడగండి సార్. ఎన్ని?"

"ఎన్ని వేసుకున్నావమ్మా?"

"సగం ఉత్తుత్తివే కదరా. ఏది అసలుదో, ఏది కాదో నాకేం తెలుసు?" ఆవిడ చిన్నగా నవ్వింది, ఆ నవ్వు సాగి సాగి వచ్చింది. "అందుకని గుప్పెడు వేసేసుకున్నా."

అవతల ఏదో నేలకి తగిలి పగిలిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు.